మా రిటైల్ సారు గాబరా

మా రిటైల్ సారు పోయారు. పొద్దున్నే బళ్లారి బస్టాండులో తెక్కలకోట బస్సు ఎక్కబోతూ గుండె పట్టుకుని కూర్చుండిపోయారట. ఆసుపత్రికి చేర్చేలోపే అంతా అయిపోయింది. నేను పనిచేసే ఇంటి సామాన్ల షాపు అప్పుడే తెరిచి, మిక్సీల మీద దుమ్ము తుడుస్తున్నాను. మా పాత స్కూలు హెడ్ మేడమ్ ఫోన్ చేసి విషయం చెప్పారు. నాకు ఏడుపు కూడా సరిగ్గా రాకముందే ఇంకో మాట అన్నారు.

"వచ్చే వారమే పిల్లలకు ప్రాక్టికల్ ఉండాదమ్మా. సార్లను పంపే ఏజెన్సీవాళ్లు ఇప్పట్లో కొత్తోళ్లని పంపలేమంటాండారు. షాపులో పని చేసే పాత స్టూడెంట్ ఎవరన్నా ఆ వారమంతా పిల్లలతో ఉంటే ఒప్పుకుంటారంట. లేకుంటే పిల్లల పేర్లు పరీక్ష నుంచి ఎనక్కి తీసుకోవాల్సిందే. నువ్వు వస్తావా?"

"మా ఓనర్ని అడగాల మేడమ్" అన్నాను. పెళ్లిళ్ల సీజన్‌లో సెలవు అడిగిన అమ్మాయిని మా ఓనరు మళ్లీ రావద్దన్నాడు, అది కళ్లారా చూశాను. మా నాన్న వరి మళ్లలో కూలికి పోవడం మానేసింది నా జీతం చూసుకునే. అందుకే ఆ ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నాకు దుఃఖం ఎక్కువో భయం ఎక్కువో తెలియడం లేదు.

మా సారు ఏం చెప్పేవారో ముందు మీకు చెప్పాలి. సిరుగుప్ప తాలూకాలో కాలువ కింద ఊరు మాది. అక్కడి ప్రభుత్వ హైస్కూల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు రిటైల్ అని ఒక సబ్జెక్టు ఉంది. అంగడి నడపడం, ధర కట్టడం, బ్యాంకు పనులు, కొనేవాళ్లతో మాట్లాడటం నేర్పుతారు. చదువు అక్కడితో ఆగిపోయినా పిల్లలకు ఏదో ఒక ఉద్యోగం దొరకాలని పెట్టిన క్లాసు. "అంగట్లో పొట్లాలు కట్టేదానికి స్కూలు ఎందుకు?" అని మా నాన్న మొదట్లో నవ్వాడు.

మా సారు భయస్థుడు. పోయిన మనిషి గురించి ఇలా మొదలుపెట్టకూడదేమో. కానీ ఆయన్ని ఎరిగిన వాళ్లు ఎవరిని అడిగినా ముందు ఇదే చెబుతారు. ఆయన ఉద్యోగం ఏడాదికేడాది కాంట్రాక్టు. జూన్ వచ్చిందంటే మళ్లీ పిలుస్తారో లేదో, క్లాసుకు సరిపడా పిల్లలు చేరతారో లేదో అని గాబరా. పాఠానికి కావలసిన ఖాళీ సబ్బు డబ్బాలు, టీ పొడి ప్యాకెట్లు రెండు పెద్ద సంచుల్లో సర్దుకుని రోజూ బస్సులో తెచ్చేవారు, సాయంత్రం మళ్లీ మోసుకుపోయేవారు. స్టాఫ్ రూములో బీరువా ఇస్తామన్నా తీసుకోలేదు.

"వద్దులేప్పా. రేపు నన్ను రావద్దంటే తాళంచెవి కోసం మీరు యాడ తిరుగుతారు?" అని పీటీ మాస్టరుతో అంటుంటే విని మేం పడీపడీ నవ్వాం.

తెక్కలకోట సంతకు క్లాసంతటినీ తీసుకెళ్లేవారు. బస్సు దిగగానే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోమనేవారు. పుట్టి పెరిగిన సంతలో మేమెక్కడ తప్పిపోతాం? అయినా అందరినీ నిలబెట్టి పేర్లు పిలిచాకే వదిలేవారు. అక్కడ ఆయన ఇచ్చే పని మాత్రం వేరే ఎవరూ ఇవ్వరు. ఒక్కొక్కరం ఒక్కో అంగడి దగ్గర మధ్యాహ్నం దాకా నిలబడాలి. ఎవరు ఏం కొన్నారో చూడకూడదు. ఎవరు కొనకుండా పోయారు, ఎందుకు పోయారు అన్నదే చూడాలి.

"కొన్నోళ్లు మనకేం నేర్పరు పాపా. ఉత్త చేతులతో పోయినోళ్ల మొగాలు చూడు" అనేవారు.

నాకు స్టీలు సామాన్ల అంగడి వచ్చింది. దావణగెరె వైపు నుంచి వచ్చిన వ్యాపారి, తెలుగు ఒక్క ముక్క రాదు. మా పక్క క్యాంపులో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఇళ్లున్నాయి. ఆ క్యాంపుకు కొత్తగా వచ్చిన కోడలు ఒకామె అన్నం గిన్నె చేతిలో పట్టుకుని "ఎంతండీ?" అని అడిగింది. అతను కన్నడంలో గడగడా ఏదో చెప్పాడు. ఆమె రెండోసారి అడగడానికి సిగ్గుపడి, గిన్నె మెల్లగా కింద పెట్టి వెళ్లిపోయింది. ధర ఎక్కువై కాదు సార్, మాట అర్థం కాక పోయింది అని నేను వచ్చి చెబితే, సారు నడి సంతలో చప్పట్లు కొట్టారు.

"ఇదేనమ్మా మార్కెటింగ్ అంటే! పోస్టర్లు అతికించేది ఎవురైనా చేస్తారు" అన్నారు. ఆ ఒక్క నిమిషం ఆయన మొహంలో భయం లేదు. మరు నిమిషం ఒక పిల్లాడు చెరుకు రసం తాగుతుంటే "ఆ ఐసు ఏ నీళ్లతో చేసిందో ఏమో" అని మళ్లీ మొదలు.

ఆయనకు ఒకప్పుడు బళ్లారిలో సొంత అంగడి ఉండేది. అది మూతపడిన కథే మాకు ధర పాఠం. ఒక వస్తువు ధరలో ఏమేం కూర్చుంటాయో బోర్డు మీద రాయించేవారు. లారీ బాడుగ, అంగడి బాడుగ, కరెంటు, చినిగిపోయే సంచులు అన్నీ రాశాక, "ఇంగా ఒకటి మరిచినారు. కొసరు యాడ?" అనేవారు. మా వైపు కూరగాయలు తూచాక పైన ఒకటి వేయకపోతే కొన్నవాళ్లు కదలరు. "ఆ కొసరు గూడా ముందే ధరలో కూచోవాల. అది తెలీకనే నా అంగడికి తాళం ఏసుకుంటి" అని ఏ దాపరికమూ లేకుండా చెప్పేవారు.

పదో తరగతిలో నా ప్రాక్టికల్‌కు బెంగళూరు నుంచి ఒక అధికారి వచ్చారు. ఆయనే కొనే మనిషిగా నటిస్తారు, మేం అమ్మాలి. ట్రైనర్లు లోపలికి రాకూడదు కాబట్టి సారు వరండాలో నిలబడ్డారు. అధికారి కిలో ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు, అడిగారు. నేను నమస్కారం పెట్టాను, తూచాను, అంతా నేర్పినట్టే చేశాను. సంచిలో పోసి ఇవ్వబోతూ, నాకు తెలియకుండానే నా చెయ్యి ఇంకో గడ్డ తీసి లోపల వేసింది.

"యాకమ్మా జాస్తి హాకిదె?" అన్నారాయన. ఎందుకమ్మా ఎక్కువ వేశావని. పెన్ను కాగితం మీదకు వెళ్లింది. పరీక్ష తప్పితే మర్నాటి నుంచి నాన్న వెంట మళ్లలోకే అనుకున్నాను.

తలుపు తెరుచుకుంది. అధికారి అంటే ఆమడ దూరం ఉండే మా సారు లోపలికి వచ్చేశారు. చొక్కా చెమటతో తడిసి వీపుకు అంటుకుపోయి ఉంది. "సార్, మన్నించాల. ఆ కొసరు ఎవరి లెక్కలో పోతుందో పాపని ఒక్క మాట అడగండి" అని కన్నడంలో గబగబా అనేసి గోడకు ఆనుకుని నిలబడ్డారు. అధికారి ఆయన్ని ఎగాదిగా చూసి, నన్ను అడిగారు.

"ధర కట్టేటప్పుడే కలిపినాం సార్" అన్నాను. "కొసరు లేకుంటే మా ఊర్లో రెండోసారి ఎవురూ రారు."

ఆయన నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు. ఆ గడ్డ సంచిలోనే ఉంచుకుని తర్వాతి వాళ్లను పిలిచారు. నేను పాసయ్యాను. సారు మాత్రం పంపు దగ్గర మొహం కడుక్కుంటూ "నేను లోపలికి పోకూడదు కదమ్మా. కంప్లైంట్ రాస్తాడేమో. ఇంగ నా పని అయిపోయినట్టే" అన్నారు. ఫలితాలు వచ్చేదాకా అదే దిగులు పెట్టుకున్నారు. ఈ రోజు నాకున్న కౌంటరు, జీతం, ధైర్యం అన్నీ ఆ తలుపు తెరుచుకోవడం వల్ల వచ్చినవే. ఆ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెబితే "అట్ల అనద్దమ్మా, ఎవురన్నా వింటారు" అని కంగారు పడేవారు.

ఆదివారం సంగనకల్లులో వాళ్ల ఇంటికి వెళ్లాను. సారు భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఏం మాట్లాడాలో తెలియక, "సారు ఎప్పుడూ మా గురించి గాబరా పడతాండ్రి అమ్మా, ఇంట్లో మీకు ఎంత కష్టమయిందో" అన్నాను.

ఆమె నావైపు వింతగా చూశారు. "ఎవురు, మీ సారా? ఇంట్లో ఆయనకి గాబరా యాడిదమ్మా? వంటింట్లోకి పాము దూరినా కాఫీ తాగినాంక చూద్దాంలే అనేటోడు. అంగడి పోయిన దినం గూడా కడుపు నిండా తిని నిద్రపోయినాడు."

ఆయన భయపడ్డదంతా మా కోసమేనన్నమాట. జూన్ వస్తే పడ్డ దిగులు కూడా మా క్లాసు ఆగిపోతుందేమోననే. తన అంగడి పోతే నిద్రపోయిన మనిషి, మాకు ఐసు పడుతుందో లేదో అని వణికారు. మేం ఇన్నేళ్లూ నవ్వుకున్నది ఆ ప్రేమను చూసి. అక్కడే కూర్చుని, ఎవరు చూస్తున్నారని కూడా చూడకుండా ఏడ్చాను.

ఇప్పటి క్లాసు పిల్లలు కూడా హెడ్ మేడమ్‌తో వచ్చారు. యూనిఫాంలోనే వచ్చి చాప మీద ఒద్దికగా కూర్చున్నారు. ఏడవాలో వద్దో తెలియని వయసు. షాపులో పనిచేసే పాత స్టూడెంట్‌నని మేడమ్ వాళ్లకు నన్ను చూపించారు. మేడమ్ నన్ను మళ్లీ అడగలేదు. వెళ్లేటప్పుడు చెయ్యి పట్టుకుని వదిలేశారంతే. వాళ్లతో పాటు నేనూ బస్టాపు దాకా నడిచాను. మా ఓనరుకు ఫోన్ చేయాలని రెండుసార్లు సెల్లు తీసి మళ్లీ లోపల పెట్టేశాను. ఆయన ఏమంటాడో నాకు ముందే తెలుసు. ఈ ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలో మాత్రం తెలియదు.

బస్సు వచ్చింది. పిల్లలంతా ఎక్కారు. ఒక అమ్మాయి కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"అక్కా, నాకు బిల్లు చేసేది ఇంగా సరిగ్గా రాదు. రేపు నువ్వు వస్తావు కదా?"

కండక్టరు విజిలేశాడు. నేను తల ఊపాను. ఆ పిల్ల చూసిందో లేదో. బస్సు సందు తిరిగి కనుమరుగైంది. రోడ్డు మీద నేనొక్కదాన్నే నిలబడి ఇంకా తల ఊపుతూనే ఉన్నాను.