గాలికి నీళ్ల లెక్క

రెండేళ్ల కిందట నేను తిరుపతిలో మోటార్లు రిపేరు చేసే కొట్లో పనిచేసేవాణ్ణి. నాయుడుపేట దగ్గరి ఒక ఫ్యాక్టరీలో టెక్నీషియన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పిలిచారు. వయసు దాటిపోతోంది కాబట్టి నాకదే ఆఖరి అవకాశం. ఆ ఉద్యోగానికి కావాలని, పైపులో ఎంత ప్రవాహం కావాలో లెక్కగట్టి, దానికి తగిన కంట్రోల్ వాల్వును ఎంచుకోవడం లైబ్రరీ పుస్తకం చూసి సొంతంగా నేర్చుకున్నాను. ద్రవాల అధ్యాయం నాకు కంఠతా వచ్చు. వాయువుల అధ్యాయాన్ని మాత్రం ఎవరో చించుకుపోయారు. రెండింటికీ లెక్క ఒకటేలే అనుకున్నాను.

ఇంటర్వ్యూలో ఇంజనీరు గారు అడిగారు. "గాలి లైన్లో వాల్వు ఉండాది. అవతల ప్రెజర్ తగ్గించేకొద్దీ గాలి ఇంకా ఎక్కువ పోతానే ఉంటాదా?"

"పోతుంది సార్! ప్రెజర్ తేడా పెరిగేకొద్దీ ప్రవాహమూ పెరుగుతుంది" అన్నాను ధీమాగా.

"ఏందప్పా, గాలికి గూడా నీళ్ల లెక్కే చెప్తావుండావు! ఒక హద్దు దాటినాక ఎంత తగ్గించినా అంతే పోతాది. ఆ పాఠం సదవలేదా?"

"ఆ పేజీలు ఎవరో చించుకుపోయినారు సార్."

"అట్లయితే వాడినే ఇంటర్వ్యూకి పంపించాల్సింది!"

గదిలో అందరూ పగలబడి నవ్వారు. వాళ్లతోపాటు నేనూ నవ్వేశాను. ఉద్యోగం మాత్రం రాలేదు.

తర్వాత చిత్తూరు లైబ్రరీలో ఆ అధ్యాయం దొరికితే కూర్చుని మొత్తం చదివాను. ఇప్పుడు ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలను. కానీ ఇక నన్ను అడిగేవాళ్లు లేరు.