బావ వెతికిన ప్రధాన సంఖ్య

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా చెల్లెలి భర్త, మా బావ, ఎదురైనప్పుడల్లా నా మీద నాకే ఒళ్లు మండుతుంది. మీకైనా చెప్పేస్తాను.

అనకాపల్లిలో మాది బెల్లం కొట్టు. బావ రావికమతంలో లెక్కల మాస్టారు. రెండును రెండుతోనే కోట్ల సార్లు హెచ్చవేసి ఒకటి తీసేస్తే వచ్చే ఒక పెద్ద సంఖ్య, ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చే ప్రోగ్రామ్‌ను మా కొట్టు కంప్యూటర్లో పెట్టాడు. ప్రపంచమంతా ఇలాంటివి తలా ఒకటి పంచుకుని చూస్తారట. నాలుగుతో మొదలుపెట్టి, వర్గం చేసి, రెండు తీసేసి, ఆ పెద్ద సంఖ్యతో భాగించి, మిగిలిన శేషాన్ని మళ్లీ వర్గం చేయాలి. అలా చేస్తూ పోతే చివరికి సున్నా మిగిలితేనే అది ప్రధానం. మధ్యలో ఒక్కచోట తప్పినా అంతా వృథా. నెలలు పట్టే పని. ఆదివారం ఆదివారం వచ్చి, నన్ను పలకరించకముందే తెర చూసేవాడు.

ఒక ఆదివారం కొట్టునిండా రైతులు. తెర మీద అదేమిటని ఎవరో నన్ను అడిగితే, బావ నవ్వి, నాకు బెల్లం దిమ్మల లెక్క చాలని, ఇది నా బుర్రకెక్కదని అన్నాడు. అందరూ నవ్వారు. నేను పదో తరగతి లెక్కల్లో తప్పినవాణ్ణి. అది బావకు తెలుసు.

ఆయన వెళ్లగానే ఆ లెక్క ఉన్న ఫోల్డర్ మొత్తం చెరిపేశాను. కోపమా? అసూయా? రెండూ. తలచుకుంటే ఇప్పటికీ కంపరం పుడుతుంది.

మరుసటి వారం బావ వచ్చి ఆ లెక్క కోసం కంప్యూటరంతా వెతికాడు.

"కరెంటు పోయింది బావా. మళ్లీ ఆన్ సేత్తే ఏటీ నేదు," అన్నాను.

"నీ తప్పేటుంది బావా. సేవ్ అయ్యేలాగ నేనే సరిగా పెట్టనేదు గావాల."

తిట్టి ఉంటే బాగుండేది. మళ్లీ పెట్టమంటే, తనకు చేతకాని పనని ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. ఆ తర్వాత మా కొట్టులో ఆయన సంఖ్యల మాటే ఎత్తలేదు.

మొన్నామధ్య తనే చెప్పాడు, ఆ సంఖ్యను ఇంకెవరో పరీక్షించారని, అది ప్రధానం కాదని తేలిందని. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎలాగూ కాదు కదా, నావల్ల ఏం పోయింది అనుకున్నాను. ఛీ. ఆ సంఖ్య నేను పుట్టకముందూ అంతే, నేను చెరిపాకా అంతే. దాన్ని నేనేం చేయగలను? నేను పాడుచేసింది మా బావని.

"సూసేవా బావా," అన్నాడు, "నేను సరిగా పెట్టుంటే ఈ మాట మనవే ముందు సెప్పీవోళ్లం."

నేను తలూపాను. సిగ్గులేని తల.

ఆ రోజు కరెంటు పోలేదు. నేనే చెరిపాను.