దశరథం వకీలు తలల లెక్క

మా దశరథం వకీలు సారుకు నలుగురు మనుషులు ఒకచోట కనబడితే చాలు, లెక్కపెట్టనిదే అన్నం సహించదు. ఉత్త లెక్క కాదు. మొత్తం ఎందరు, అందులో ఆడవాళ్లెందరు, పాలమూరు వాళ్లెందరు, చివరికి డాక్టరేట్ చదివేవాళ్లెందరు! ఎనభై ఆరులో నేను గద్వాల కోర్టులో ఆయన దగ్గర జూనియర్‌గా చేరిన రోజే నన్నూ లెక్కలో వేసుకున్నారు.

"కోర్టుల వకీళ్లు ముప్పై ఒక్కరు. ఆడోళ్లు నిన్నటిదాంక సున్న, ఇయ్యాల ఒకటి. కూసో పుష్పా."

ఒకసారి ధరూర్‌లో ఎవరో పెద్దాయన పోతే వెళ్లాం. పాడె ముందు నిలబడ్డా సారు పెదవులు కదులుతూనే ఉన్నాయి. గుమస్తా ఖాజా మియా చెవిలో అడిగాడు.

"సాబ్, పోయినాయన్ను కలుపుకోవాల్నా, ఇడ్సిపెట్టాల్నా?"

"ఇడ్సిపెట్టు. ఆయన చదువు ఐపోయింది" అన్నారు సారు గంభీరంగా.

ఈ జబ్బు ఆయనకు హైదరాబాద్‌లో అంటుకుంది. అక్కడి యూనివర్సిటీలో ఏళ్ల తరబడి న్యాయశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నారు. నెలకోసారి గద్వాల బస్టాండులో కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు పట్టి వెళ్లేవారు. తిరిగొచ్చి అక్కడ పీహెచ్‌డీ చేసేవాళ్ల గురించి చెప్పే వార్త ఒక్కటే.

"పద్నాలుగు మంది. ఆడోళ్లు సున్న. పాలమూరోళ్లు ఒకటి. గది నేనే."

ఖర్చు లెక్క మాత్రం వాళ్లావిడ సావిత్రమ్మగారిది. ఫీజు, బస్సు చార్జీ, లాడ్జి అన్నీ కలిపితే ఏడాదికి ఒక జరీ చీర. మా నాన్న ఆశన్న మగ్గం మీద నేసేలాంటిది.

"దేశమంత గద్వాల చీర కట్టవట్టె. గద్వాలల ఉండి నాకే లేకపాయె! ఆ పుస్తకం ఎప్పుడైతది?"

"ఒక్క అధ్యాయం ఉంది."

ఏ ఏడాది అడిగినా ఆ ఒక్క అధ్యాయమే. ఈలోగా సారు పోరు పడలేక నేనూ హైదరాబాద్ వెళ్లి రెండేళ్లు ఎల్.ఎల్.ఎం. చదివాను. అది కాగానే, "ఇగ డాక్టరేట్!" అని మళ్లీ తరిమారు. సారుకు గైడుగా ఉన్న ప్రొఫెసర్‌నే కలిశాను. గంటసేపు ప్రశ్నలడిగి, చివరికి తల అడ్డంగా ఊపారాయన. మొహం వేలాడేసుకుని గద్వాల వచ్చి, సారు ఇంటి ముందుగదిలో కూలబడ్డాను.

"నా విషయం నచ్చిందన్నరు సార్. కాని ఒక్క గైడు కింద ఇంతమందే అంట. జాగ లేదంట. సోమారం ఆఖరు తేదీ."

"నచ్చిందన్నడా?" సారు లేచి నిలబడ్డారు. "ఖాజా, పెట్టె తియ్యి!"

ఖాజా మియా ఇనప్పెట్టెలోంచి నల్ల అట్ట వేసిన లావుపాటి పుస్తకం తీశాడు. సారు థీసిస్! ఆఖరి అధ్యాయంతో సహా.

"నువ్వు ఎల్.ఎల్.ఎం.కు పోయిన నెలల్నే నేను టైపు కొట్టిన బేటీ. ఎవరికీ చెప్పొద్దన్నడు" అన్నాడు ఖాజా మియా.

నేను సారు వైపు తిరిగాను. "మరి రెండేండ్లు ఎందుకియ్యలే సార్?"

"అప్పుడే ఇస్తే నా జాగల ఇంకెవరో కూసుందురు. బస్సుల తువ్వాల ఏస్తం గద, నేను గా తువ్వాలను. సీటు నీది. రేపు ఈ పుస్తకం ఇచ్చి నేను లేస్త, సోమారం నువ్వు కూసో." సారు వేళ్లు మడవసాగారు. "పద్నాలుగు మంది. పాలమూరోళ్లు ఒకటి. ఆడోళ్లు ఒకటి!"

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కన్నతండ్రి కూడా ఇంత ఓపికగా ఎదురుచూడడనిపించింది. అంతలో వంటింటి గుమ్మంలోంచి సావిత్రమ్మగారి గొంతు ఖంగుమంది.

"తువ్వాల ఏంది, తువ్వాల! రెండేండ్ల సంది ఆ సీటు మీద పరిచింది నా రెండు చీరలు!"

సారు మడిచిన వేళ్లు అలాగే ఉండిపోయాయి. ఆ లెక్క ఆయనకెప్పుడూ తట్టలేదు పాపం. ఆమె వచ్చి నా తల నిమిరింది.

"పోయి కూసో బిడ్డా. జర పదిలంగ కూసో. జరీ నలుగుతది."