రాజుగారి వీపు

ఆ రోజుల్లో గోదావరి వైపు నుంచి వచ్చిన కోడలికి సంగారెడ్డి వైపున్న లక్డారంలో వంట, పాత జాకెట్లకు మాసికలు వేయడం తప్ప ఇంకేమీ రాదనుకునేవారు. ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం వచ్చిన మా ఆయన వెంట నేనూ వచ్చాను. మూడో తరగతితో బడి మానేసినదానికి (పలక మీద లెక్కలకు బదులు నెమళ్ళు గీస్తే మానిపించక ఏం చేస్తారు?) బొమ్మలేమిటని ఆయన కూడా నవ్వాడు. నవ్వితే ఊరుకునే మనిషిని కాను నేను.

ఆ ఊళ్ళో చిరుతల (చేత్తో వాయించే చెక్క తాళాల) ఆట నేర్పే గురువును అందరూ తాళాల తాత అనేవారు. ఆయన కొత్త వేషాలు కుట్టిస్తాడని విని, సిమెంటు సంచి కాగితం మీద బొగ్గుతో రాజు వేషం గీసి పట్టుకెళ్ళాను.

"బొమ్మ మంచిగనే ఉన్నది బిడ్డా. రాజుదొక్కటి కుట్టి సూపియ్యి. ఊరు మెచ్చితే అన్ని వేషాలు నీకే. లేకుంటే ఎప్పటి లెక్క పట్నంకెళ్ళి కిరాయికి తెచ్చుకుంటం" అన్నాడు.

మాసికల నుంచి బయటపడే దారి నాకు అదొక్కటే. ముందువైపంతా ఎర్ర మఖమల్, జరీ అంచు, అద్దాలు పెట్టి కుట్టాను. వెనకవైపు మాత్రం ఫ్యాక్టరీలో పారేసిన పార్సిల్ గుడ్డ వేశాను. మా వైపు నాటకం తెర కట్టిన అరుగు మీద ఆడతారు, జనమంతా ఎదురుగానే కూర్చుంటారు. రాజుగారి వీపు చూసేదెవరు? ఎవరూ చూడనిచోట మఖమల్ పెట్టడానికి నాకేమన్నా పిచ్చా!

సాయంత్రం ఎండ ఉండగానే ఆట మొదలైంది. చూద్దును కదా, జనం నడుమ జాగా వదిలి చుట్టూ కూర్చున్నారు! వేషగాళ్ళు చిరుతలు వాయిస్తూ గుండ్రంగా తిరుగుతున్నారు! రాజు వేషం కట్టిన మీసాలాయన (వెల్డింగ్ పనివాడు) ఒక్క చుట్టు తిరిగేసరికి, పగిలే సరుకుల పార్సిళ్ళ మీద వేసే గాజు గ్లాసు బొమ్మ ఆయన వీపు మీద ప్రత్యక్షమైంది.

"ఓ రాజా, పైలం! కింద పడితే పల్గుతవ్!" అని ఒకామె అరిచింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

"నా ఇజ్జత్ తీస్తివి గదనే అక్కా!" అంటూ మీసాలాయన అంగీ విప్పబోయాడు.

"విప్పావంటే ఊరుకోను, నిలబడు!" అంటూ మొహాలకు పూసే రంగుల గిన్నెలు తీసుకుని జనం మధ్యకు నడిచాను. "మీరు చుట్టూ కూర్చుంటారని నాకెవరైనా చెప్పారా? ఇక్కడే గీస్తాను. నవ్వేవాళ్ళు నేను గీసేదాకా నవ్వండి!"

"ఆట ఆగుతది బిడ్డా" అన్నాడు తాత.

"ఎందుకాగాలి? పాడమనండి. కాళ్ళు మాత్రం కదపొద్దు."

మీసాలాయన పాడాడు, నేను గీశాను. గ్లాసు మీదుగా నెమలి మెడ లేచింది. పురి విప్పేసరికి, ఆయన ముందు కూర్చున్నవాళ్ళు లేచి వీపు వైపుకొచ్చారు. రంగు ఆరాలి కదా, ఆయన్ను సింహాసనం మీద కూర్చోనివ్వలేదు. మంత్రి "కూసోండి ప్రభూ" అన్నప్పుడల్లా నేను కళ్ళురిమాను.

"మేం నిలబడే ఏలుతం!" అన్నాడు మహారాజు. చప్పట్లే చప్పట్లు.

"అన్ని వేషాలు నువ్వే కుట్టు బిడ్డా. గని జెర మా ఆట సూసి కుట్టు" అన్నాడు తాత.

"ముందే పిలిస్తే చూసేదాన్నే" అన్నాను. తగ్గలేదు.

ఆ తరువాత ముత్తంగి నుంచి సంగారెడ్డి దాకా ఎన్ని వేషాలు గీసి కుట్టానో! మొన్న అటు వెళితే, ఆట ఆడిన జాగాలో గోదాము ఉంది. దాని ముందు ఆగి, చేతులనిండా రంగులతో నిలబడిన ఆ కొత్త కోడలిని తలచుకుని నవ్వుకున్నాను. ఆమె కసిరితే మహారాజే కదలకుండా నిలబడ్డాడు. ఇప్పుడు నేను గంటసేపు అరిచినా, మా మనవరాలు అన్నానికి కూర్చోదు.