డ్రైవరన్న సైకిల్

ఇబ్రహీంపట్నం మార్కెట్లో నాకు చిన్న సైకిల్ షాపు ఉంది. బస్సు డిపోలో పనిచేసి రిటైరైన ఒక డ్రైవరన్న రోజూ వచ్చి కూర్చునేవాడు. ఏం మాట్లాడుతున్నా ఆయన చేతులు మాత్రం స్టీరింగ్ పట్టుకున్నట్టు ముందుకు చాచి, వెడల్పుగా పెట్టుకునేవాడు.

ఒకరోజు కూతురి టూరింగ్ సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. సంచిలోంచి, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్ ఒకటి తీశాడు. ఆ అమ్మాయి ఈ సైకిల్ మీద నాగార్జునసాగర్ దాకా పోవాలనుకుంది. తన భుజాల వెడల్పు కొలుచుకుని మరీ ఆ హ్యాండిల్ తెప్పించుకుంది. అది బిగించుకునేలోపే జ్వరమొచ్చి దవాఖానలో చనిపోయింది.

"ఇది బిగించు తమ్మీ. సాగర్ దాక నేను పోయొస్త," అన్నాడు.

"నీ భుజాలు వెడల్పు గదనే. నీకు గిది ఇరుకైతది. పెద్దది ఏస్త."

"వద్దు. గిదే ఎయ్యి."

పాత హ్యాండిల్ విప్పి, బ్రేకులు మార్చి, కొత్తదానికి టేపు చుడుతుంటే ఆయన ఒక కొస పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాతి వారం సాగర్ వెళ్లాడు. మర్నాడు తిరిగొచ్చి నేరుగా నా షాపు ముందే దిగాడు. చేతులు పైకి లేవడం లేదు. నీళ్ల గ్లాసు నేనే నోటికి అందించాను.

"ఇప్పుడన్నా మారుస్తనే. మస్తు ఇరుకుంది," అన్నాను.

రెండు గుక్కలు తాగి, ఆయన సైకిల్ వైపు చూశాడు.

"ఇరుకేం లేదు తమ్మీ. నా బిడ్డ గింతే ఉండె."