సాగర్ చెక్‌పోస్టులో నా రైఫిల్

మాది మాచర్ల. పోయినేడు రైఫిల్ షూటింగ్ పోటీకి నాన్నా నేనూ కారులో హైదరాబాద్ బయలుదేరాం. సాగర్ దాటగానే తెలంగాణ చెక్‌పోస్టు దగ్గర ఆపారు. కానిస్టేబుల్ డిక్కీలో పొడవాటి పెట్టె చూసి, "ఏందిది?" అన్నాడు.

"రైఫిల్ సార్," అన్నాను.

అంతే, పోలీసులంతా చుట్టుముట్టారు. "మాచర్ల నుంచి తుపాకీయా? దిగండి!"

నాన్న బెదిరిపోయి, "వెనక్కి పోదాం తల్లీ," అన్నాడు.

"తప్పు చేస్తే గదా నాన్నా పోయేది!" అంటూ దిగాను. దేశమంతా చెల్లే నా లైసెన్స్ ఎస్సై గారి చేతికిచ్చాను. రైఫిల్ ఖాళీగా ఉందనీ, తూటాలు వేరే పెట్టెలో తాళం వేసి ఉన్నాయనీ చూపించాను. ఆయన ఎవరెవరికో ఫోన్లు చేస్తున్నంతసేపూ ఎండలో అక్కడే నిలబడ్డాను. చివరికి, "మంచిగ కొట్టు బిడ్డా," అని పంపించారు.

పోటీకి ఆఖరి నిమిషంలో చేరుకున్నాను. పతకం రాలేదు. కానీ ఆ తర్వాత ఏ పోటీకైనా నా రైఫిల్‌తో ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ వెళ్తున్నాను.