అయిదింటికి రమ్మను

మా ఆయనకు గుండెలో స్టెంట్ వేసి ఇంటికి పంపించాక ఆయనకన్నా నేనే ఎక్కువ రోగిష్టిదాన్నయ్యాను. సెలవురోజు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తే గుమ్మంలో నిలబడి, బనియను పైకీ కిందకీ కదులుతోందో లేదో చూసేదాన్ని. బడిలో ఉన్నప్పుడు ప్రతి పీరియడుకీ మధ్య ఫోను చేసేదాన్ని. ఆయన ఎత్తడం ఆలస్యమైతే చేతిలో సుద్దముక్క ఉన్న సంగతి కూడా మరిచిపోయేదాన్ని. ఒకరోజు బోర్డు మీద లెక్క సగంలో ఆపేసి నిలబడిపోయాను. పిల్లలు "టీచర్, టీచర్" అని పిలుస్తున్నా చాలాసేపు వినిపించలేదు.

మాది రాజోలు దగ్గర కాలువగట్టు మీద ఇల్లు. ఇంట్లో మేమిద్దరం, మా అత్తగారు. ఆవిడా టీచరుగా చేసి రిటైరైన మనిషే. మాట ఎప్పుడూ క్లాసులో చెబుతున్నట్టే ఉండేది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా ఆయన విసుక్కున్నారు. "నేనున్నానో పోయానో చూడ్డానికేనా ఆ ఫోన్లు?" అన్నారు. పక్క గదిలోంచి అత్తగారు విన్నారు.

మర్నాడు బడి నుంచి రాగానే నన్ను వెనక వసారాలోకి పిలిచారు. అక్కడ రాలిన కొబ్బరాకులు కుప్పగా పోసి ఉన్నాయి. నాకొక చాకు ఇచ్చారు.

"కూర్చో అమ్మాయ్. చీపురు అరిగిపోయింది, ఈనెలు తీద్దాం."

ఇద్దరం కాసిని ఆకులు చీరాము. తర్వాత ఆవిడ తలెత్తకుండానే అడిగారు.

"ఇప్పుడు చెప్పు. నీ భయం ఏంటి?"

"మళ్ళీ నొప్పి వస్తేనండీ?"

"వచ్చిందనుకో. ముందు ఏం చేస్తావు?"

అన్నాళ్ళూ భయపడ్డానే తప్ప, వస్తే ఏం చేయాలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"ఆటో పిలుస్తానండీ."

"ఎవరి ఆటో? నెంబరుందా?"

లేదు. వంతెన దగ్గర ఆటో నడిపే అతని నెంబరు ఆవిడ చెబుతుంటే ఫోనులో పెట్టుకున్నాను. నాలుక కింద పెట్టుకునే మాత్రలు ఎక్కడున్నాయని అడిగారు. బీరువాలో ఉన్నాయన్నాను. "వాడి చొక్కా జేబులో ఉండాలి కదా" అన్నారు. అమలాపురంలో ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఇల్లు ఎవరికి అప్పగించాలి, అన్నీ అడిగారు.

"ఇంకేమన్నా ఉందా?"

"లేదండీ."

"అయితే ఇవాళ్టికి ఇంతే. రేపు బడిలో ఆ భయం వచ్చిందనుకో, సాయంత్రం అయిదింటికి రమ్మను. అప్పుడు చూద్దామని చెప్పు."

"చెబితే వింటుందా అత్తయ్యగారూ?"

"వినదు. అయినా చెబుతూ ఉండు. మీ మావగారు ఏటి మధ్య లంకలో ఉద్యోగం చేసినప్పుడు వరదల్లో కూడా పడవ మీద వచ్చేవారు. నేను రేవులో నిలబడి ఏటి వంకే చూసేదాన్ని. నేను నిలబడ్డానని పడవ ఒక్క నిమిషం ముందు రాలేదమ్మా. తర్వాత నుంచి ఇంట్లో బియ్యం ఏరుకుంటూ కూర్చునేదాన్ని."

అలా రోజూ అయిదింటికి కూర్చోవడం అలవాటైంది. భయం పోయిందని చెప్పను. బడిలో వచ్చేది, సాయంత్రం రమ్మనేదాన్ని. సాయంత్రం అయ్యేసరికి చెప్పడానికి పెద్దగా ఏమీ మిగిలేది కాదు. ఫోన్లు తగ్గాయి. ఈనెలు ఎక్కువైపోయి చుట్టుపక్కల వాళ్ళకి చీపుళ్ళు కట్టి ఇచ్చాము.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం అత్తగారు మాట మధ్యలో ఆగిపోయారు. చాకు చేతిలోంచి జారింది.

"కళ్ళు తిరుగుతున్నాయమ్మాయ్" అని గోడకు ఆనుకున్నారు. నోరు ఒక పక్కకు లాగేసింది.

ఫోను తీశాను. "ఆయ్, వచ్చేస్తున్నానండీ" అన్నాడు ఆటో అతను. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయన్ని ముందు సీట్లో కూర్చోమని, జేబులో మాత్రలున్నాయో లేదో చూసుకోమన్నాను. పక్కింటావిడకి తాళం ఇచ్చాను. దారంతా అత్తగారి తల నా ఒళ్ళోనే ఉంది. ఏ ఆసుపత్రో నేనే చెప్పాను. ఒక్క నిమిషం ఎక్కడా వృథా కాలేదు.

"మెదడులో నరం చిట్లిందండీ. మా చేతుల్లో ఏమీ లేదు" అన్నారు డాక్టరుగారు.

"సరేనండీ" అన్నాను.

ఆవిడ గురించి నేను ఒక్కరోజు కూడా భయపడలేదు.

సమాధి దగ్గర పాటలు పాడారు. మా ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చారు. చుట్టాలు "ఏడవ్వేంటమ్మా, ఏడిస్తే తేలికవుద్ది" అన్నారు. నేను వచ్చినవాళ్ళకి టీలు అందించాను. తర్వాత బడికి వెళ్ళాను, వచ్చాను, వండాను. కూరలో ఉప్పు వేయడం మరిచిపోయినా నాకు తెలిసేది కాదు. మా ఆయన కునుకు తీసినా చూడలేదు. ఇన్నాళ్ళూ భయం పోవాలనే కోరుకున్నాను, పోయింది, కానీ లోపల ఏదీ కదలడం లేదు.

చెకప్‌కి వెళ్ళినప్పుడు గుండె డాక్టరుగారు నన్ను అడిగారు. "మీ కంగారు తగ్గిందా అమ్మా?"

"తగ్గిందండీ" అన్నాను. అబద్ధం కాదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు వైనతేయ నది వంతెన ఎక్కాక మా ఆయన మెల్లగా అన్నారు. "అమ్మ నిన్ను కూర్చోబెట్టి అడిగేది. నన్నెప్పుడూ అడగలేదు."

ఆయన వైపు తిరిగాను. ఆయన ఎదురు సీటు కడ్డీ వంక చూస్తున్నారు.

"మీకూ భయమేనా?"

"స్నానాల గదిలో గడియ పెట్టుకుంటే చాలు, ఇక్కడే పడిపోతే తలుపు ఎవరు తీస్తారని. అందుకే నీళ్ళు గబగబా పోసుకుని వచ్చేస్తున్నాను. సబ్బు కూడా సరిగా రుద్దుకోవట్లేదు."

నెలల తరబడి పక్కనే ఉన్నాను, ఇది నాకు తెలియదు. ఆయన ఆగకుండా చెబుతూనే ఉన్నారు, మెట్లెక్కడం గురించీ, ఆఫీసులో ఒంటరిగా ఉండే మధ్యాహ్నాల గురించీ. నాకు ఏడుపు రాలేదు, ధైర్యమూ రాలేదు. విన్నాను, అంతే.

"రేపటి నుంచి గడియ పెట్టకండి. తలుపు దగ్గరకి వేసుకోండి, నేను వంటింట్లోనే ఉంటాను" అన్నాను.

"సరే" అన్నారు.

మర్నాడు పొద్దున్న అన్నం వారుస్తుంటే స్నానాల గదిలోంచి నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది.